నలభై ఒకటో ఫారం

జిరాక్స్ సెంటరు నుంచి అరవై ఫారాలు వచ్చిన సాయంత్రమే సంధ్యారాణి ఆ పొరపాటు చేసింది. కూర్చుని ఒక్కొక్క ఫారం మొదటి కాగితం వెనక, కింద మూలన, పెన్సిలుతో చిన్నగా నంబరు వేసింది. ఒకటి నుంచి అరవై దాకా. ఏ నంబరు ఎవరికిచ్చిందో తన డ్యూటీ నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకుంది. ఎవరూ వెయ్యమనలేదు. పేర్లు అడగకూడదని పాఠంలో స్పష్టంగా ఉంది, ఫారం మీద మొదటి వాక్యమే అది. కానీ నర్సింగులో మూడేళ్ళకు పైగా నలిగిన చెయ్యి కదా. చీటీ అంటించని రక్తం సీసాని ల్యాబువాళ్ళు చెత్తబుట్టలో పడేస్తారని, తర్వాత ఆ తిట్లన్నీ మన నెత్తినే పడతాయని మొదటి సంవత్సరం నుంచీ నేర్చుకున్న చెయ్యి. గుర్తు పెట్టకుండా దేన్నీ వదలడం దానికి చేతకాదు.

ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో రెండు లైన్లుంది. తెలుగులో చెప్పుకుంటే, నర్సింగు విద్యార్థినుల ఒత్తిడి, ఆరోగ్యపు అలవాట్లు, చదువు మీద తృప్తి. గ్రూపులో ఐదుగురు. అందులో నలుగురు "నువ్వు లీడర్‌వి కదే" అని చేతులు దులిపేసుకున్నారు. ఆ లీడర్ పదవి ఎవరిచ్చారో సంధ్యకి ఇప్పటికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య తన బోర్డు కనిపించని నాలుగంతస్తుల కాలేజీ వాళ్ళది. అదే యాజమాన్యానికి ఎల్బీనగర్‌లో ఆసుపత్రి ఉంది. రోజూ పొద్దున ఆరున్నరకి ఒక పాత బస్సు పిల్లల్ని ఇక్కడినుంచి అక్కడికి డ్యూటీకి మోసుకెళ్తుంది. నలభై సీట్ల బస్సులో డెబ్భై మంది. బడంగ్‌పేట్ నుంచి రెండు ఆటోలు మారి ఆ బస్సు అందుకోవాలంటే సంధ్య ఐదింటికే ఇల్లు వదలాలి. ఇక టిఫిన్ సంగతి అడక్కండి.

సోమవారం డ్యూటీ ఎక్కేముందు బట్టలు మార్చుకునే గదిలో ఫారాలు పంచింది. సెకండియర్ పిల్లలు ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు కాగితం పెట్టుకుని టిక్కులు కొట్టేస్తున్నారు. పక్కదాన్ని చూసి ఇది, దీన్ని చూసి అది. ఒక్క యాదలక్ష్మి మాత్రం ఫారం పట్టుకుని అలాగే నిలబడింది. చిట్యాల దగ్గర ఊరి పిల్ల, హాస్టల్లో ఉంటుంది. పీలగా ఉంటుంది గానీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని కాలేజీలో చార్టులన్నీ దానిచేతే రాయిస్తారు. కింద ఓపీ గోడ మీద 'రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగండి' అన్న చార్టు దానిదే. గ్లాసుకు నీలం రంగు వేసి, పక్కన నవ్వే మొహం కూడా గీసింది.

"అక్కా, గిండ్ల 'డ్యూటీల ఎన్ని నీళ్ళు తాగుతరు' అని ఉన్నది. ఏం రాయాలె?"

"ఎన్ని తాగితె అన్ని రాయి."

"తాగనక్కా. తాగితె బాత్రూముకు పోవాలె. పోతె సిస్టర్ 'ఎటు పోయినవ్, ఎటు పోయినవ్' అని వార్డంతా లేపుతది. రెండింటి దాంక నోరు తడుపుకుంటనే, గంతే."

పక్కనున్న పిల్లలు నవ్వారు. అందరిదీ అదే సంగతి. పోయిన నెల వాళ్ళ గదిలో ముగ్గురికి మూత్రంలో మంట వచ్చింది. ముగ్గురూ ఒకే మందు చీటీ మీద మాత్రలు కొనుక్కుని మింగారు.

"నిజంగనే రాయాల్నా అక్కా?" అని మళ్ళీ అడిగింది యాదలక్ష్మి.

"నిజం కాకపోతె సర్వే ఎందుకే? ఎవ్వరు సూడరు. నేనొక్కదాన్నే సూస్త," అంది సంధ్య. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

బుధవారం సాయంత్రం బడంగ్‌పేట్‌లో, రెండు గదుల కిరాయి ఇంట్లో, చాప మీద ఫారాలు పరుచుకుని మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న అంతయ్య ట్రాలీ ఆటో ఆపి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఏంది బిడ్డా, గిన్ని కాయితాలు? మీ దవాఖానల పేషెంట్లవా?" అన్నాడు.

"మావే నాయినా. మాకెంత పరేషాన్ ఉందో లెక్క కడుతున్న."

"లెక్క కడితె తగ్గుతదా?" అని ఆయన మామూలుగానే అడిగి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. సంధ్యకి నవ్వొచ్చింది.

నలభై ఫారాలు చూసేసరికి విసుగు పుట్టింది. అన్నీ ఒకే అచ్చు. రోజూ టిఫిన్ తింటారట, ఏడు గంటలు పడుకుంటారట, చదువు మీద 'చాలా తృప్తి' అట. అబద్ధాలాడినా కాస్త తేడాగా ఆడొచ్చు కదే మీ మొహాలు మండ, అనుకుంది. చివర్లో 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని రెండో కాగితం సగం ఖాళీ వదిలారు. అక్కడ అందరూ 'నిల్' అని రాశారు.

నలభై ఒకటో ఫారంలో ఆ ఖాళీ నిండిపోయి, కాగితం వెనక్కి కూడా వెళ్ళింది. ఆ ముత్యాల రాత చూడగానే ఎవరిదో తెలిసింది. నోట్‌బుక్కు తియ్యనక్కర్లేకపోయింది.

'నేను చదువుకోవడానికి వచ్చాను. కానీ వార్డులో ముప్పై మందికి ఒక సిస్టర్, మేము ముగ్గురం. మేము రాకపోతే వార్డు నడవదు. మాకు నేర్పేవాళ్ళు లేరు. పోయిన గురువారం నాకు కళ్ళు తిరుగుతుంటే తొమ్మిదో బెడ్ తాతకు బీపీ చూడకుండా 120/80 అని రాశాను. ముందురోజు కూడా అదే ఉంది. అందరూ అలాగే రాస్తారు. తాతకు ఏమీ కాలేదు. డిశ్చార్జ్ అయి పోతూ, బాగా చూసుకున్నావు బిడ్డా అని నాకు అరటిపండు ఇచ్చాడు. అది నేను తినలేకపోయాను. అప్పటి నుంచి నాకు నిద్ర రావట్లేదు.'

సంధ్య రెండుసార్లు చదివింది. చూడకుండా రాయడం సంధ్య ఎరగని సంగతా? మూడేళ్ళుగా తనూ రాస్తోంది. ముప్పై బెడ్లకి నాడి, జ్వరం, బీపీ, ఊపిరి లెక్క గంటలో అయిపోవాలంటే సగం చేత్తో, సగం పెన్నుతో చూడాల్సిందే. మొదటి సంవత్సరంలో ఒక సీనియర్ అక్క పక్కన నిలబడి నేర్పింది: అన్నీ ఒకేలా రాయకు, నాడి డెబ్భై ఆరు ఒకరికి, డెబ్భై ఎనిమిది ఒకరికి మార్చి మార్చి రాయి, లేకపోతే దొరికిపోతావు అని. సంధ్య కూడా జూనియర్లకి అలాగే నేర్పింది. ఏ రోజూ అందుకు నిద్ర చెడలేదు. బస్సులో నిలబడి కూడా నిద్రపోతుంది.

ఎర్ర పెన్నుతో మార్కులు కూడింది. ఒత్తిడి నలభైకి ముప్పై ఆరు. పట్టిక ప్రకారం పక్కన 'తీవ్రం' అని రాసింది. అరవైలో 'తీవ్రం' అని రాసింది ఆ ఒక్కదానికే. మొత్తానికి మన సర్వేలో ఒక్క నిజమైన ఫారం వచ్చిందని లోపల కాస్త గర్వపడింది కూడా.

గురువారం కట్ట మొత్తం ప్రిన్సిపాల్ సూర్యప్రభ మేడం బల్ల మీద పెట్టింది. ప్రాజెక్టు గైడు ఆవిడే. శుక్రవారం పది గంటలకు వార్డుకి ఫోనొచ్చింది, సంధ్యారాణిని కాలేజీకి పంపమని. బెడ్‌షీట్లు మారుస్తున్నది అలాగే వదిలేసి, ఏప్రన్ విప్పి సంచిలో కుక్కుకుని పరుగెత్తింది.

"రామ్మా సంధ్యా, కూర్చో. టిఫిన్ చేశావా?"

ఇన్నేళ్ళలో మేడం ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"చేసిన మేడం," అంది. చెయ్యలేదు.

మేడం గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచి మాట్లాడటం ఆవిడకి అలవాటు లేదు. ఇస్త్రీ చీర, సన్న అంచు, బల్ల మీద కళ్ళజోడు. కట్టలోంచి ఒక ఫారం వేరుగా తీసి పెట్టి ఉంది. వెనక్కి తిప్పి పెన్సిలు నంబరు మీద గోరు పెట్టింది.

"నలభై ఒకటి ఎవరమ్మా?"

"పేర్లు అడగలేదు మేడం. గోప్యంగా ఉంచుతమని..."

"అడగలేదు, సరే. నంబరెందుకు వేశావు మరి? నంబరు వేసినవాళ్ళకి పేరు తెలుస్తుంది కదా."

సంధ్య చేతులు ఒళ్ళో దాచుకుంది. చేతివేళ్ళ మధ్య తడి బెడ్‌షీట్ల వాసన వస్తోంది.

"నువ్వు చెడ్డపని చేశావనట్లేదు. మంచిపనే చేశావు," అంది మేడం ముందుకి వంగి. "ఈ పిల్లకి నిద్ర పట్టట్లేదట. తీవ్రం అని నువ్వే వేశావు. చూడు, నూట నాలుగు జ్వరం అని చార్టులో రాసి, ఏ బెడ్డో చెప్పనంటే నిన్ను నర్సంటారా ఎవరైనా? రేపు ఈ పిల్ల హాస్టల్లో ఏదైనా చేసుకుందనుకో. నీకు తెలిసీ ఊరుకున్నావన్నమాట జీవితాంతం ఉండిపోతుంది. డాక్టరుగారితో మాట్లాడిద్దాం. నాలుగు మంచి మాటలు చెబుదాం. అంతకంటే ఏముంది?"

ఆగి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "నీ ప్రాజెక్టు బాగా వచ్చిందిలే. వచ్చేవారం సంతకం పెట్టేస్తాను," అంది.

ఆ రెండు మాటల్లో ఏది తన నోరు తెరిపించిందో సంధ్య తర్వాత ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. హాస్టల్ మేడ మీద యాదలక్ష్మి నిలబడి ఉన్నట్టు కళ్ళముందు కనిపించిన మాట నిజం. సంతకం అన్న మాట చెవిన పడిన మాటా నిజం.

"సెకండియర్ యాదలక్ష్మి మేడం," అంది. "మంచి పిల్ల మేడం. జర మంచిగ మాట్లాడుండ్రి."

"అయ్యో, తప్పకుండా," అంది సూర్యప్రభ మేడం.

బయటికొచ్చాక సంధ్యకి ఒళ్ళు తేలికైనట్టనిపించింది. పాపం దానికి ఇప్పుడైనా ఎవరో ఒకరు పట్టించుకుంటారు అనుకుంది. మెట్రో మెట్ల కింద బండి దగ్గర రెండు ఇడ్లీలు తిని చాయ్ తాగింది. ఆ వారంలో అది కూర్చుని తిన్న మొదటి టిఫిన్. ఎంత హాయిగా తిన్నదో తలుచుకుంటే తర్వాత తనమీద తనకే రోత పుట్టింది.

సోమవారం పొద్దున బస్సులో యాదలక్ష్మి లేదు. దాని గదిలో ఉండే పిల్ల ఏడుపుమొహంతో చెప్పింది: శనివారం దాన్ని ఆఫీసుకి పిలిచారట, ఏ డాక్టరూ రాలేదట, మేడం ఒక్కతే గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడిందట, ఆదివారం వాళ్ళమ్మకి ఫోన్ చేసి నీ బిడ్డ మనసు బాగాలేదు తీసుకుపొమ్మన్నారట. సంధ్య వార్డుకి వెళ్ళలేదు. బస్సు దిగినచోటే ఎదురు బస్సెక్కి కాలేజీకొచ్చి, చెప్పకుండా మేడం గదిలోకి వెళ్ళింది.

"మేడం, యాదలక్ష్మిని పంపిస్తున్నరట."

"పంపట్లేదమ్మా, విశ్రాంతి తీసుకోమంటున్నాం. మానసికంగా బాగున్నట్టు పెద్దాసుపత్రి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే వెంటనే చేర్చుకుంటాం."

"అది ఎప్పుడొస్తది మేడం? అటెండెన్స్ పోతది. సంవత్సరం పోతది ఆమెకు."

"ప్రాణం కంటే సంవత్సరం ఎక్కువా?"

"ఆమె రాసింది వార్డు గురించి మేడం. ఆమెకేం రోగమున్నది?" తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

సూర్యప్రభ మేడం కోప్పడలేదు. సొరుగు తీసి ఫారం బల్ల మీద పెట్టింది. "వార్డు గురించి ఎక్కడుందమ్మా?"

మొదటి కాగితం ఒక్కటే ఉంది. ఎడమ పక్క పైమూలన పిన్ను తీసిన రెండు చిల్లులున్నాయి. రెండో కాగితం లేదు.

"ఇక్కడున్నది నీ ఎర్ర సిరా ఒక్కటే. నలభైకి ముప్పై ఆరు. తీవ్రం. ఇది నీ చేతిరాతే కదా?"

కాలేజీ గుర్తింపు కోసం ఇన్‌స్పెక్షన్ వచ్చే నెల అని గోడ మీద క్యాలెండర్లో గుండ్రంగా చుట్టి ఉంది. ఆ కాగితం ఏమైందో సంధ్య అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు, ఇంకో ఏడు నెలల్లో చదువైపోతుందనీ తెలుసు. అంత పిరికిదాన్నని అప్పటిదాకా తెలియదు.

"నాదే మేడం," అంది.

"మరి? అన్నట్టు ఒక ఫారం తగ్గింది కదా. ఎవరిచేతనైనా నింపించి అరవై చెయ్యి. ఇంకో పని. ఆ పిల్లని ఒంటరిగా పంపించడం మంచిది కాదు. నువ్వు వెళ్ళి ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సెక్కించిరా. వాళ్ళమ్మ చిట్యాలలో దించుకుంటుంది. నువ్వైతే బాధ్యతగా ఉంటావు."

యాదలక్ష్మి హాస్టల్ గేటు దగ్గర సామానుతో నిలబడి ఉంది. ఒక బ్యాగు, చుట్టిన పరుపు, బకెట్టు, బకెట్టులో మగ్గు, పళ్ళెం, డ్యూటీ బూట్లు. పరుపు సంధ్య తీసుకుంది. ఆటోలో ఇద్దరి మధ్యా బకెట్టు. ఆటో చైతన్యపురి దాటింది.

"యాదీ, నీ పేరు చెప్పింది నేనే," అంది సంధ్య.

"తెలుసక్కా. మేడమే చెప్పింది. మీ సీనియర్ నీ మీద ప్రేమతోటి చెప్పింది, కోపం చేసుకోకు అన్నది."

"నీకు డాక్టర్‌ను సూపిస్తరనుకున్న. అమ్మతోడు."

"అనుకునే ఉంటవు." యాదలక్ష్మి బయటికి చూస్తోంది. "కోపమొచ్చింది అక్కా. నిన్న రాత్రి నిన్ను మస్తు తిట్టిన. ఇప్పుడైతె తిట్టనీకి కూడ ఓపిక లేదు."

సంధ్యకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అదే మళ్ళీ తనని ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టింది.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి బస్సులు ఆగే చోట ఎండ మాడిపోతోంది. ఫ్లైఓవర్ నీడ ఉన్నంతమేరా జనం నిండిపోయారు. నీళ్ళ సీసా కొనిస్తే యాదలక్ష్మి గటగటా సగం తాగింది. సూర్యాపేట బస్సు, కోదాడ బస్సు వెళ్ళిపోయాయి. నల్గొండ బస్సు ఇంకా రాలేదు.

"అక్కా, నాకొక పని చేస్తవా? మా అమ్మకు ఫోన్ చెయ్యి. నాకు పిచ్చి లేదని చెప్పు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన. నమ్ముతలేదు. పిచ్చిలేసినోళ్ళందరు నాకు పిచ్చి లేదనే అంటరట. ఎల్లమ్మకు మొక్కుకున్నదట. ఊర్ల గీ మాట పడితె ఇగ పోదక్కా. రేపు చేనుకు పోయినా పిచ్చి నర్సమ్మ అనే అంటరు. నువ్వు సీనియర్‌వు. తెల్లబట్టలు ఏసుకునేదానివి. నువ్వు చెప్తె నమ్ముతది."

నంబరు కలిపి ఫోన్ సంధ్య చేతిలో పెట్టి, తను రెండడుగులు పక్కకి వెళ్ళి పరుపు మీద కూర్చుంది. అవతల మొదటి రింగుకే ఎత్తారు. బస్టాండు గోల వినిపిస్తోంది.

"అమ్మా, నేను యాదలక్ష్మి కాలేజీల సీనియర్‌ను. సంధ్యారాణి."

"ఏమైంది బిడ్డా నా పిల్లకు? చెప్పు బిడ్డా, దాచిపెట్టకు. ఏమన్న మందు తాగిందా? ఎవనితోటన్న..." తల్లి అండాలమ్మ గొంతు వణికిపోతోంది.

"ఏం కాలేదమ్మా. ఏ రోగం లేదు. నేను చెప్తున్న గద. నీ బిడ్డ మంచిగున్నది."

"మరెందుకు పంపిస్తున్నరు?"

ఇక్కడ ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కొంచెం నీరసం, నాలుగు రోజుల రెస్టు. అదే చెబుదామనుకుంది. అవతల ఆ మనిషి ఊపిరి బిగబట్టి వింటున్నట్టు తెలుస్తోంది.

"ఒక కాయితం మీద ఉన్నది ఉన్నట్టు రాసిందమ్మా. ముప్పై మంది పేషెంట్లను పిల్లలమే సూస్తున్నమని రాసింది. ఒకసారి బీపీ సూడకుంట సూసినట్టు రాసిన, నిద్ర పడతలేదని రాసింది. గది వాళ్ళకు నచ్చలే. రాసింది ఎవరని అడిగితె నేనే పేరు చెప్పిన. తప్పు నాది."

తిడుతుందని సంధ్య ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. రోడ్డు మీద నల్గొండ బస్సు వచ్చి ఆగింది. యాదలక్ష్మి లేచి పరుపు చంకనబెట్టుకుని, ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడింది.

"అబద్ధం రాయలేదు గద అది?" అంది అండాలమ్మ.

"లేదమ్మా."

"నువ్వు గూడ ఆడ గదే పని చేస్తవా బిడ్డా? గా ముప్పై మందిని?"

"ఆ."

"సూడకుంట రాసుడు గూడ?"

"రాస్తమమ్మా. అందరం రాస్తం."

అవతల ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. గొంతులో వణుకు పోయింది. ఇంట్లో ఆడపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా అడిగింది.

"మా పిల్లైతె ఇంటికొస్తున్నది. మరి నువ్వెట్లుంటవు బిడ్డా ఆడ?"

కండక్టరు బస్సు రేకు మీద దబదబా కొడుతున్నాడు.

"రెండింటి దాంక డ్యూటీ ఉందమ్మా," అని సంధ్య ఫోన్ యాదలక్ష్మికి ఇచ్చేసింది.